పురుడు తీరని ఏరు

ఎర్రనీళ్లు దిగినయంటే ఆ ఊర్లె వలలన్నీ దూలాల మీదికి ఎక్కేవి. పైన ఎక్కడ్నో వానలు కొట్టి, గేట్లు ఎత్తి, కృష్ణ ఇటుకపొడి కలిపినట్టు ఎర్రగ ఒరుసుకుంట వచ్చే రోజులల్ల ఒక్క పుట్టి పడవ కూడా నీళ్లల్లకు దిగేది కాదు. ఆత్మకూరు దిక్కు పొలాలున్నోళ్లు చూసి నవ్వేటోళ్లు, ఏరు నిండుగ ఉన్నప్పుడే ఇంట్ల పండుకునే బెస్తోళ్లను ఏడా చూడలేదని. బెస్తోళ్ల లెక్క వేరే. గంగమ్మ పురిట్లె ఉన్నది, బాలింత ఉన్న ఇంట్లకు చెప్పులేసుకోని జొరబడతమా అనేటోళ్లు. ఎర్రనీళ్లకే చేప ఎదురెక్కి గుడ్లు పెడుతది. నీళ్లు తేటపడే యాళ్లకు పిల్లలు వేలెడంతయి గడ్డి చాటుకు చేరుకుంటయి. అప్పుడు గంగమ్మకు పురుడు తీరినట్టు. అప్పుడు బోనం. బోనం ఏటికి ముట్టినంకనే వల నీళ్లకు ముట్టాలె.

నీళ్లు తేటపడ్డయా లేదా అని చెప్పే హక్కు ఒక్క ఇంటిది. ఆ ఇంటి ఆడమనిషే చెప్పాలె, ఆమెనే బోనం ఎత్తాలె. ఇప్పుడు ఆ మనిషి గుర్వమ్మ. అంతకుముందు ఆమె అత్త. చూసే తీరు సులువే. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి చెయ్యిని మోచేతి దాంక ముంచుతది. పచ్చగాజులు పైకి కనబడితే పురుడు తీరింది. కనబడలేదంటే అందరు మర్లి ఇండ్లకు పోవుడే, గుర్వమ్మ మొగడు ఐలేశమైన సరే, బెస్తోళ్ల సంఘం అధ్యక్షుడైన సరే.

అత్త చేతి నుంచి ఈ పని వచ్చిన కొత్తల గుర్వమ్మకు సిగ్గనిపించేది. ఊరంత గట్టు మీద నిలబడి తన చెయ్యి దిక్కే చూస్తుంటే గాజులు కనబడకున్నా కనబడ్డయని చెప్పి ఉరికిపోదామనుకునేది. అత్త పక్కకు నిలబడి మెల్లగ గిచ్చేది. తర్వాత తర్వాత సిగ్గు పోయి నోరు వచ్చింది. పొద్దుగాల గంప ఎత్తుకోని ఆత్మకూరు బజారుకు పోతే, ఆమె గంప ఏడున్నదో వెతుక్కునే పని లేదు, మాట వినబడ్డ దిక్కు పోతే సరి. చేప నిన్నటిదా అని ఒక సారు ముక్కు మూసుకోని అడిగితే, నిన్నటిదైతే నీకంటే ముందు నాకు వాసన వస్తది సారూ, గంప నా నెత్తి మీదనే కదా ఉన్నది అన్నది. ఆ సారు ఆనాటి నుంచి వేరే గంప దగ్గర ఆగలేదు. బొచ్చ, రవ్వ, వాలుగ, జెల్ల, కొర్రమట్ట, ఇంట్ల పిల్లల కోసమని ఒక దోసెడు పక్కెలు, అన్నీ ఉండేవి ఆ గంపల. పక్కెలు ఊకెనే ఇచ్చేది. అవి అమ్మే చేపలు కావు, కొసరు.

తెలంగాణ వచ్చినంక నాలుగైదేండ్లకు ఏటి కింది దిక్కు నుంచి ఒక మేస్త్రి వచ్చిండు. అతనితోని మోటరు పడవలు, అలివి వల. మామూలు వల కన్నుల మూడు వేళ్లు పడుతయి, పిల్లచేప వచ్చిన తొవ్వనే బయట పడుతది. అలివి కన్నుల జొన్నగింజ కూడా పట్టది. దోమతెరనే అనుకోవాలె, ఊరు పొడుగు దోమతెర. రెండు పడవలు ఆ వలను ఏటికి చుట్టేసి గడ్డకు గుంజుకొస్తే నీళ్లు తప్ప అన్నీ బయటికి వస్తయి. అది వెయ్యద్దని సర్కారు చట్టమే ఉన్నది. మేస్త్రికి చట్టం తెలువనిది కాదు, చట్టాన్ని ఎవరింట్ల కూసోబెట్టి చాయ తాపాల్నో కూడా తెలుసు.

సంఘానికి అప్పుడు అధ్యక్షుడు కృష్ణయ్య, ఐలేశం తమ్ముడు. మేస్త్రి ఇంటింటికీ వాటా ఇస్తనన్నడు. ఒకటే షరతు పెట్టిండు. ఎర్రనీళ్లల్లనే వల వెయ్యాలె, చేప ఎదురెక్కి గడ్డ పక్కకు గుంపులు గుంపులుగ చేరేది అప్పుడే. నీళ్లు తేటపడితే అది లోతుకు పోతది, ఇగ అలివి ఎందుకు దండగ అన్నడు. కృష్ణయ్యకు మాట నచ్చింది. అడ్డం ఉన్నది ఒక్క బోనమే.

ఒక పొద్దుగాల అతను ఇత్తడి బిందెతోని నీళ్లు తెచ్చి గుర్వమ్మ వాకిట్ల పెట్టిండు. వెనుక పది మంది ఉన్నరు. అరుగు మీద వల కుట్టుకుంటున్న ఐలేశం తల ఎత్తి చూసి మళ్ల దించిండు.

"వదినె, జర చెయ్యి పెట్టి చూడు. ఏరు తేటపడ్డది."

గుర్వమ్మ బిందెల చెయ్యి పెట్టింది. గాజులు అద్దంల కనబడ్డట్టే కనబడ్డయి. చూసి ఊకునే మనిషి కాదు ఆమె, ఏదైనా వాసన చూడాలె, గోరుతోని గీకాలె, నాలుకకు తగిలించాలె. బిందె వంచి అడుగు చూస్తే ఎర్రటి ఒండ్రు ముద్దగ కూసున్నది. దోసెడు నీళ్లు నోట్లె పోసుకున్నది. నాలుక కుచ్చుకపోయింది.

"పటిక నువ్వే తిప్పినవా కిష్టయ్యా, మేస్త్రి తిప్పిండా?"

"ఏట్లకెల్లే ముంచిన వదినె, ఒట్టు."

"ఏట్లకెల్లే ముంచినవు, కాదన్ననా. గంగమ్మను బిందెల కూసోబెట్టి కాన్పు చేసినవు. ఏరు మొత్తానికి తిప్పనీకె పటిక తెచ్చినవా మరి, ఈ బిందెకేనా?"

నీళ్లు మోస్తున్న ఆడోళ్లు ఆగి పక్కున నవ్విండ్రు. వెనుక వచ్చిన మొగోళ్లల్ల కూడా ఇద్దరు ముగ్గురు నవ్వాపుకోలేకపోయిండ్రు. కృష్ణయ్య బిందె ఎత్తుకోని పోయిండు. పోయినంక ఐలేశం సూదికి దారం ఎక్కించుకుంట, కాదని పంపిస్తే అయిపోయేది, నవ్వియ్యకుంటె బాగుండు అన్నడు. ఆ మాట నిజమేనని గుర్వమ్మకు తెలిసేటందుకు వారం కూడా పట్టలేదు.

హక్కు ఇంటిది, మనిషిది కాదు కదా అని సంఘంల తీర్మానం చేసిండ్రు. ఇంటికి కోడలున్నది. కోడలు నాగరాణి రామన్నపేట దిక్కు పిల్ల, పెండ్లయి ఏడాది నిండలేదు, ఏరన్నా వలన్నా ఇక్కడికి వచ్చినంకనే చూసింది. కొడుకు రాకేష్‌ను అప్పటికే మేస్త్రి మోటరు పడవ మీద పనికి పెట్టుకున్నడు. గుర్వమ్మ కొడుకును కూసోబెట్టి అడిగింది, నీ పెండ్లాం నెత్తి మీద ఆ కుండ ఎట్ల పెడుతవురా అని.

"నీ గాజులు కనబడే దాంక ఊరంత పస్తులుండాల్నా అమ్మా?"

వాడు గొంతు కూడా పెంచలేదు. వల కుట్టే మొగనికి, చేపలమ్మే తనకు పుట్టినోడు, ఎర్రనీళ్లల్ల ఇంట్ల ఉండుడు పస్తులనుకుంటున్నడు. ఆ నెలలల్ల కూలికి పోయేటోళ్లు, జొన్నలు పట్టించుకోని పెట్టుకునేటోళ్లు, వలలు బాగు చేసుకునేటోళ్లు. వాడు పెరిగింది ఆ గింజల మీదనే. నాగరాణి బోనం ఎత్తింది. డప్పులు కొట్టిండ్రు. ఎర్రనీళ్లల్ల కుండ వదిలిండ్రు. ఆ మునిమాపునే అలివి దిగింది.

ఏం చేపలవి, ఏం చేపలు. గడ్డ మీద కుప్పలు పోస్తే మోకాలెత్తు లేచింది. ఒక్కొక్క బొచ్చ నిండు కడుపుతోని, ముట్టుకుంటే గుడ్లు కారిపోయేటట్టున్నది. ఆత్మకూరుల గంపలకు గంపలు పోయినయి. గుర్వమ్మ కూడా అమ్మింది, అమ్మక ఎట్ల బతుకుతది. కత్తిపీట మీద కడుపు చీరితే గుడ్లు సంచుల్లెక్క బయట పడేవి. కొనేటోళ్లు మురిసిపోయి, చేపతోని గుడ్లు కూడా వచ్చినయి, ఈసారి గుర్వమ్మ కొసరు జోరున్నది అనేటోళ్లు. పక్క గంప పొరుగూరి సుక్కమ్మ నవ్వుకుంట ఆ మాట అందుకునేది. గుర్వమ్మ గుడ్లను ఒక పక్కకు నెట్టి చేపను కోసేది.

పెద్దచేప అయిపోంగనే పిల్లల మీద పడ్డరు. సర్కారు లారీల తెచ్చి వదిలిన పిల్లలు కూడా నీళ్లు ఏ రుచి ఉన్నయో చూసుకోకముందే అలివిల పడ్డయి. వాటిని ఎవరు వండుకుంటరు. డాంబరు రోడ్డు మీద పరిచి ఎండబెట్టి, సంచుల కుక్కి, కోళ్లదాణాకని లారీలకెక్కించిండ్రు. ఊర్లె కొత్త బండ్లు వచ్చినయి, రేకులు పోయి స్లాబులు వచ్చినయి. బోనం ఎత్తనన్న గుర్వమ్మను చూసి, ముసలిది బిందె నీళ్లు తాగి మొత్తం ఏరునే తాగబోయింది అని ఎకసెక్కాలాడిండ్రు. రాకేష్ కూడా నవ్విండని ఎవరో వచ్చి చెప్పిపోయిండ్రు. గట్ల చెప్పేటోళ్లకు ఏ కాలంలనైన కొదువ లేదు.

ఏటి మార్పు ముందుగాల మనుషులకు కాదు, వేరేటోళ్లకు తెలిసింది. రాళ్ల నడుమ నీటికుక్కలు ఉండేవి, వలలు కొరికి చేపలెత్తుకపోతయని ఐలేశం జీవితమంత వాటిని తిట్టిండు. ఒక ఏడు చూస్తే ఒక్కటి లేదు. వల కొరికే జీవి లేక అతని సూదికి పని తగ్గింది. నీరుకాకులు గుంపుగ వచ్చి దిగి, మునిగి, ఉత్త ముక్కులతోని లేచి ఎటో పోయినయి. గడ్డ పొంటి నాచు పచ్చగ మందంగ పేరుకున్నది, అది తినే చేప లేదు. దోమలు పెరిగినయి. నీళ్ల వాసన మారింది. పుట్టిల పోయి పొద్దందాక తిరిగినోడు మునిమాపుకు నాలుగు జెల్లలు తెచ్చి, అవి కూడా కూరకు చాలయని పెండ్లాంతోని తిట్లు తిన్నడు. వాలుగ ఎట్లుంటదో చిన్నపిల్లలకు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చింది.

ఏట్ల ఏమీ మిగలలేదని అందరికంటె ముందు లెక్క కట్టింది మేస్త్రినే. ఒకనాడు పడవలు లారీకెక్కించుకోని, రాకేష్‌ను పనిల నుంచి తీసేసి, ఇంకో రేవు వెతుక్కుంట పోయిండు. అలివి వల మాత్రం సంఘానికి ఇచ్చిపోయిండు, దయ తలచినట్టు.

గుర్వమ్మ గంప ఖాళీగ పెట్టుకోని కూసునే రకం కాదు. కోస్తా చెరువుల్ల దాణా వేసి పెంచిన చేప ఐసుల పెట్టుకోని లారీల వస్తది. దాన్ని దించుకోని అమ్మనీకె మొదలువెట్టింది. కృష్ణ చేపనేనా అని అడిగితే, కాదు, ఐసు చేప, కావాలంటె తీసుకో అనేది. పక్కన సుక్కమ్మ మాత్రం ఇప్పుడే ఏట్లకెల్లి తెచ్చిన అనేది. సుక్కమ్మ గంపే ముందు ఖాళీ అయేది.

అప్పుడు ఊరికి గంగమ్మ యాదికొచ్చింది. చేప ఎటు పోయిందని తర్కం చేసి చేసి ఆఖరుకు తేల్చిందేందంటె, హక్కున్న చెయ్యి బోనం ఎత్తలేదు, అందుకే తల్లి అలిగింది. అలివిని ఎవరూ ఒక్క మాట అనలేదు. తప్పు గుర్వమ్మది, ఆనాడు కుండ ముట్టలేదు కదా. ఎర్రనీళ్లు దిగంగనే కృష్ణయ్య పది మందితోని మళ్ల వాకిట్లకు వచ్చిండు. ఈసారి బిందె లేదు. చీర, పసుపు, కుంకుమ పళ్లెంల పట్టుకోని వచ్చిండు. మనిషి కుంగిపోయిండు, మాటల పాత బింకం లేదు. ఏండ్ల కింద బిందె ముచ్చట మనసుల పెట్టుకోకు వదినె, తల్లిని నువ్వే సల్లగ చెయ్యాలె అన్నడు.

గుర్వమ్మ ఆయనను కూసోమన్నది, నాగరాణితోని చాయ పెట్టించింది. అందరు తాగినంక చెప్పింది.

"ఎత్తుత. కాదన. ఈ ఏడు, వచ్చే ఏడు, ఎర్రనీళ్లల్లనే కాదు తేటనీళ్లల్ల కూడా ఎవ్వరు వల వెయ్యద్దు. అలివిని నా వాకిట్ల తెచ్చి కాలవెట్టుండ్రి. మిగిలిన నాలుగు చేపలు గుడ్లు పెట్టనియ్యుండ్రి. ఆ తర్వాతి ఏడు మీరు పిలువకున్నా నేనే కుండ ఎత్తుకోని వస్త."

"రెండేండ్లు ఏం తినాలె వదినె?"

"ఇప్పుడేం తింటున్నవు కిష్టయ్యా?"

అలివి వల ఏ ఇంట్ల ఉన్నదో అందరికి తెలుసు, ఆ దిక్కు ఒకరిద్దరు చూసిండ్రు కూడా. జర సేపు ఆగితే ఒప్పుకునేటోళ్లేమో. అప్పుడే వెనుక నుంచి ఒకడు, ఏరు ఎండబెడితే ఐసు చేపకు గిరాకి పెరుగుతది కదా అని మెల్లగ అన్నడు. పెద్దగ అంటె తిట్టి కూసోబెట్టేటోళ్లు. మెల్లగ అన్నడు కాబట్టి అందరి చెవులల్ల పడ్డది, అందరికీ నమ్మబుద్ధయింది. వాకిలి మొఖం మారిపోయింది. ఏరు వట్టిపోయినంక కూడా గంప నింపుకునేది ఊర్లె ఈమె ఒక్కతే, నిజమే కదా. కృష్ణయ్య పళ్లెం మీద బట్ట కప్పి మళ్ల చేతిలకు తీసుకున్నడు. గుర్వమ్మ కొడుకు దిక్కు చూసింది, వాడన్నా ఒక మాట అంటడని. రాకేష్ ఖాళీ చాయ గిలాసలన్నీ ఏరి, ఒక దాంట్ల ఒకటి పెట్టుకుంట లోపలికి పోయిండు.

పళ్లెం ఆ సాయంత్రం మళ్ల వచ్చింది, నాగరాణి పేరు మీద.

బోనం నాడు ప్రతి వాకిట్ల ఆగి, ఎత్తినామె కాళ్ల మీద నీళ్లు పొయ్యాలె. తన వాకిట్ల డప్పులు ఆగంగనే గుర్వమ్మ చెంబు పట్టుకోని బయటికి వచ్చింది. ఊరంత ఆమె మొఖం చూస్తున్నది, ఏమంటదోనని. ఆమె వంగి కోడలి కాళ్ల మీద నీళ్లు పోసి, పసుపు రాసింది. నాగరాణి కుండ కదలకుండ తల నిలువుగ పెట్టుకోని, పెదవులు మాత్రం కదిపి అడిగింది.

"నేనెత్తుడు తప్పా అత్తమ్మా?"

"కుండకేం తప్పు బిడ్డా. రేవు కాడ నాచున్నది, మెల్లగ దిగు."

డప్పులు ఏటి దిక్కు కదిలినయి. వెనుక నలుగురు అలివి వలను భుజాలకెత్తుకోని నడుస్తున్నరు, ముందున్నోడు రాకేష్. నీళ్లు ఇంక ఎర్రగనే ఉన్నయి. గుర్వమ్మ చెంబు కడప మీద పెట్టి, గంప నెత్తికెత్తుకోని రోడ్డు దిక్కు పోయింది. ఐసు లారీ వచ్చే యాళ్లయింది, అది ఎవరి కోసం ఆగదు.