టులెట్ బోర్డు ఉన్న సంబంధం

నా పెళ్లి చేయాలని మా అమ్మకి ఎంత ఆరాటమో, నన్ను ఎవరికీ ఇవ్వకూడదని అంతకు రెట్టింపు పట్టుదల. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా ఇముడుతున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. అడిగితే "తల్లివైతే తెలుస్తది" అని నోరు మూయించేది.

చిలకలగూడలోని మా ఇంటికి ఏ సంబంధం వచ్చినా అమ్మ ఎంక్వైరీ షురూ చేసేది. పెళ్లిళ్ల బ్రోకర్ మాట నమ్మదు, బయోడేటా అసలే నమ్మదు. అబ్బాయి వాళ్ల గల్లీకి వెళ్లి, కిరాణా కొట్లో పల్లీలు కొంటూ, ఇస్త్రీ బండి దగ్గర ఊరికే నిలబడి కూపీ లాగేది. ఒకతన్ని తీసేసింది, ఎందుకంటే ఇస్త్రీకి అతని చొక్కాలే వస్తాయి, వాళ్లమ్మ చీర ఒక్కటీ రాదట. ఇంకొకతన్ని తీసేయడానికి వాళ్ల వాచ్‌మన్ మాటే సరిపోయింది. "మంచోళ్లు" అని మరీ తొందరగా చెప్పాడట. పల్లీలు మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ నిండుగా ఉండేవి.

అప్పుడు అల్వాల్ అబ్బాయి వచ్చాడు. పెద్దవాళ్ల చూపులు కాకముందే, వాళ్లకి చెప్పే, ఇద్దరం స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో కలిశాం. అతను చాయలో ముంచిన బిస్కెట్ తెగి లోపల పడింది. చుట్టూ ఎవరు చూస్తున్నారని చూసుకోకుండా, చెంచాతో తీసుకుని తినేశాడు. నాకు అక్కడికక్కడే నచ్చాడు. ఈ సంగతి అమ్మకి చెప్పలేదు. చెబితే బిస్కెట్‌నే గట్టిగా పట్టుకోలేనివాడు సంసారం ఏం చేస్తాడనేది.

ఇతన్ని కూడా అమ్మ కొట్టిపారేస్తే మాత్రం ఊరుకోకూడదని గట్టిగా అనుకున్నాను. పోట్లాటకి కావలసిన మాటలన్నీ బాత్రూంలో రిహార్సల్ చేసి పెట్టుకున్నాను.

అమ్మ అల్వాల్ వెళ్లి ఆ గల్లీ చూసి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "వాళ్లింటి మీది పోర్షన్‌కి టులెట్ బోర్డున్నది. ఇల్లు కావాలని పోదాం. వంటింటి దాకా చూడొచ్చు."

"వాళ్లకి నా ఫోటో పంపినవ్ గదమ్మా!"

"మాస్కు పెట్టుకో. కరోనా పోయినా దుమ్ము పోలేదు గద."

"మరి నేనెందుకు?"

"అత్త గొంతు నువ్వు సుత ఇనాలె."

అతనికి ఒక్క మెసేజ్ పెడితే సరిపోయేది. పెట్టలేదు. ఆ గొంతు వినాలని నాకూ ఉంది మరి.

అతను ఆఫీసులో ఉండే టైం చూసుకుని వెళ్లాం. గేటు తీసింది వాళ్లమ్మే. నైటీ మీద తువ్వాలు వేసుకుంది, చేతులకి పిండి ఉంది. మమ్మల్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి, పైకి తీసుకెళ్లింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లు నల్లా తిప్పి చూస్తారు, ఎండ ఎటు పడుతుందో చూస్తారు. అమ్మ ఆవిడ మొహం తప్ప ఇంకేం చూడలేదు.

"అక్కా, మీ కొడుక్కి కోపమెక్కువనా?"

"ఆకలైతే వస్తది. గిప్పుడు వాడే వండుకుంటున్నడు, తగ్గింది."

"మా బిడ్డ డ్యూటీ నుంచి లేటుగ వస్తది. గేటుకి తాళమేస్తరా?"

"వేస్త. ఒక తాళంచెయ్యి బిడ్డకే ఇస్త. వచ్చినోళ్లకల్లా లేసి తలుపు తీసుడు నాతోని కాదు, నాకు నిద్ర గావాలె."

"మా బిడ్డకి వంట రాదు."

"అద్దెకుండేటోళ్ల వంటతోని నాకేం పని?"

"జెర నోరు సుత ఎక్కువ."

ఇంటి ఓనర్‌కి ఇట్లాంటి విషయాలు చెప్పి ఇల్లు అడిగేవాళ్లు సికింద్రాబాద్‌లో ఇంకెవరూ ఉండరు. ఆవిడ మాత్రం "నాకు సుత ఎక్కువనే. ఇంట్ల ఇనేటోళ్లు లేక పరేషాన్ అయితున్న" అంది. నవ్వు ఆపుకోలేక మాస్కులోనే దగ్గాను.

ఆవిడ చాయ పెట్టడానికి కిందికి వెళ్తే, మంచినీళ్ల వంకతో అమ్మ వంటింట్లోకి దూరింది. సింకు కింద వంగి చూసింది. ఆవిడ అటు తిరగ్గానే ఫ్రిజ్ పైన వేలితో రాసి చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు. అమ్మ మొహం పరీక్ష పోయినట్టు అయింది. నేను మాస్కు తీయలేక చాయ వద్దన్నాను. అమ్మ తన కప్పు చివరి చుక్క వరకు తాగింది.

గేటు దాకా వచ్చి ఆవిడ అంది, "మళ్ల రాండ్రి వదినా. ఈపారి అన్నయ్యను సుత తీస్కరాండ్రి."

అమ్మ కాలు గేటు దగ్గరే ఆగిపోయింది. అద్దెకు వచ్చినవాళ్లని ఎవరూ వదినా అనరు. వియ్యపురాలిని అంటారు.

"నువ్వు మాస్కు తియ్యి బిడ్డా, ఉక్కపోస్తలేదా? ఫోటోల సుత గివే కండ్లద్దాలు గద. గేటు కాడనే గుర్తువట్టిన."

మాస్కు గురించి ఆలోచించిన మా అమ్మకి కళ్లద్దాల సంగతి తట్టలేదు. నాకూ తట్టలేదు, అవి లేకపోతే నాకు మెట్లు కనపడవు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆటోలో కూర్చున్నాక ఇక అంతా అయిపోయిందనుకున్నాను. అమ్మకి వంక దొరికిపోయింది. తెలిసే మాట్లాడింది, అంతా నాటకం అంటుంది, సంబంధం వద్దంటుంది. తిరుమలగిరి దాటింది, కార్ఖానా వచ్చింది. నేనే ఉండబట్టలేక అన్నాను, "యాక్టింగ్ చేసిందంటవ్, గంతేనా?"

"తెల్సి సుత చాయ పోసింది," అంది అమ్మ. "నేనైతే చీపురు తీస్తుంటి."

తరువాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. అంత గట్టిగా ఏడిస్తే, ఆటో అతను కంగారుపడి స్పీడు తగ్గించాడు.

"ఏందమ్మా? ఏమైంది?"

"ఒక్క వంక సుత దొరకలే గదనే. ఇగ ఏం జెప్పి నిన్ను ఇంట్ల వెట్టుకోవాలె?"

బాత్రూంలో తయారుచేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేశాను. ఇన్నాళ్లూ నా సంబంధాలు చెడగొడుతోందని పళ్లు నూరుకున్న నాకే, ఆ ఆటోలో, అమ్మని వదిలి ఎక్కడికీ పోవద్దనిపించింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఏదో ఒకటి చెప్పమ్మా," అన్నాను. "చాయల చక్కెరెక్కువైందను."

అమ్మ ముక్కు తుడుచుకుని నిజంగానే ఆలోచించింది.

"లేదు బిడ్డా," అంది. "సమంగనే వేసింది."