సూది విరిగితే ఎవరిది పూచీ?

బ్యాంకు గుమ్మంలో స్టూలు మీద కూర్చునే గార్డు బాబాయికి తన ఒంటిగొట్టం తుపాకీ పసిబిడ్డతో సమానం. అసలు తూటాలు మేనేజరుగారి బీరువాలో ఉంటాయి. బాబాయి జేబులో ఉండేది ఎప్పుడో పేలిన తూటా డొల్ల. దాని అడుగున, మీట నొక్కితే తుపాకీ లోపలి సూది వచ్చి తగిలే చోట, పెన్సిలు రబ్బరు ముక్క కుక్కాడు. రోజూ పొద్దున్నే తుపాకీ మడిచి, గొట్టంలోకి ఊది, ఆ డొల్ల పెట్టి ‘టిక్’మనిపిస్తాడు. “ఖాళీగా నొక్కితే లోపలి సూది విరుగుతుందమ్మా,” అంటాడు క్యాషియరమ్మతో. “నిజంగా విరుగుతుందా బాబాయ్?” అంటే, “విరిగాక తెలిసి ఏం లాభం?” అంటాడు.

ఒక మధ్యాహ్నం ముసుగువాడొకడు కత్తితో చొరబడ్డాడు. బాబాయి తుపాకీ ఎత్తాడు.

“అది ఖాళీదని ఊరంతా తెలుసు. నొక్కు చూద్దాం!” అన్నాడు వాడు.

బాబాయికి ఒళ్లు మండింది. “ఖాళీగా నొక్కితే సూది పోతుంది. బాగు నువ్వు చేయిస్తావా? ఒక్క నిమిషం ఆగు,” అంటూ జేబు తడిమి, డొల్ల తీసి, తాపీగా లోపల పెట్టి, గొట్టం టక్కున మూశాడు. వాడు కత్తి అక్కడే పారేసి పరుగు లంకించుకున్నాడు.

క్యాషియరమ్మ లేచి వచ్చింది. “అది... రబ్బరుదేనా బాబాయ్?”

బాబాయి గొట్టం నేలకేసి పెట్టి మీట నొక్కాడు. ‘టిక్’మంది.

“సూది భద్రంగానే ఉందమ్మా. నొక్కమన్నవాడు నొక్కేదాకా ఆగొద్దూ? ఉత్త తొందర మనిషి!”