గేటు చువ్వల మీద కంకులు

సాయంత్రమైతే బోధన్ రోడ్డు పక్క స్టేడియం మెట్ల దగ్గర ముందు ఇనుము మీద ఇనుము మోగిన చప్పుడు వినబడుతుంది. ఆ తర్వాతే పొగ, పొగలోంచి శారమ్మ. పట్టకారుతో కుంపటి మీది చువ్వలను గట్టిగా కొట్టి గానీ ఆమె మొదటి మక్క కంకి కాల్చదు. ప్రహరీ కూల్చేశాక చెరుకు లారీల రోడ్డూ మైదానమూ ఒకటైపోయాయి. చుడీదార్ల మీద బూట్లు తొడుక్కుని ఆడవాళ్లు నడుస్తారు, ముసలివాళ్లు కునుకు తీస్తారు. ఊరంతా ఆ మెట్ల మీదే చల్లబడుతుంది. శారమ్మ మాత్రం చల్లబడలేదు. గోడ ఉన్న రోజుల్లో ఆటల సంఘం కార్యదర్శి భాస్కర్ రావు "ఇది ఆటల జాగ, అంగడి కాదు" అని ఆమె కుంపటిని కాలితో తన్ని, బయటికి గెంటి గేటు వేయించాడు. ఆ నిప్పు మచ్చ ఆమె పాదం మీద ఇంకా ఉంది.

మొన్న ఆయనే మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, మెట్టు మీద కూలబడి కంకి అడిగాడు. శారమ్మ లేతది ఏరి, ఓపికగా తిప్పి కాల్చి, ఉప్పూకారం నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చింది. సగం తిని "మస్తుగుందమ్మా" అన్నాడు.

"ఉండదా సారూ! గీ సువ్వలు గుర్తువట్టలేదా? నా మొకం మీద మూసిన మీ గేటే గిది. పాతసామాన్ల దుకాన్ల కొని కోయించుకున్న."

భాస్కర్ రావు నోట్లోది నమలలేదు, ఉమ్మలేదు. ఇప్పుడాయన దూరపు మెట్టు మీద కూర్చుంటున్నాడు. గాలి ఎటున్నా శారమ్మ విసనకర్ర పొగను అటే తోలుతుంది.

పక్కన పూలమ్మే త్రివేణి ఉండబట్టలేక "పగ తీరింది గదా అవ్వా, ఇగ ఇడిసిపెట్టు" అంది.

"క్షమించుమని పాస్టరయ్య గూడ చెప్తుండు బిడ్డా. క్షమిస్త. గీ ఇనుము అరగనియ్యి."