సెతిఫ్‌లో విడిగా అడిగిన పళ్ళెం

మొన్న ఇక్కడ న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో సరుకులు కొంటుంటే బొంబాయి రవ్వ పక్కన ఉత్తర ఆఫ్రికా వాళ్ళ గోధుమరవ్వ, కుస్‌కుస్ ప్యాకెట్ కనిపించింది. మా ఆవిడ దాన్ని అందుకుని, "ఏమండీ, ఇది వండితే మీకు సెపరేట్ ప్లేట్ పెట్టాలా?" అని నవ్వింది. ఇన్నేళ్ళయినా వదలదు. వదలకపోవడం న్యాయమే, ఆ రోజు తప్పు నాదే.

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీ ఆఫీసులో నా పక్క సీటు అల్జీరియా మిత్రుడు సెలవులకు ఇంటికి వెళ్తూ మా ఇద్దరినీ రమ్మన్నాడు. వాళ్ళది సెతిఫ్. యాత్రికులెవరూ తొంగిచూడని, గోధుమ పొలాల నడుమనున్న బజారు ఊరు. దిగిన మర్నాడే బజారుకు పరుగెత్తాం. ఎండుమిరప పొడి కుప్పలు చూసి గుంటూరు పిల్లయిన మా ఆవిడ కేక పెట్టినంత పని చేసింది. జీలకర్ర, ఎండు పుదీనా, ఆలివ్ కాయల తొట్లు, పొగలు కక్కే రొట్టెలు, వాటి మధ్య నుంచే గొర్రెల్ని తోలుకుపోయేవాళ్ళ అరుపులు, ఏ వైపు చూడాలో తెలియక నేను పసివాడిలా తిరిగాను. ఇండియా వాళ్ళమని తెలియగానే ఒక కొట్టతను ఏదో హిందీ పాట అందుకుని, దోసిట్లో ఖర్జూరాలు పోశాడు.

మేం మాంసం తినమని మిత్రుడి తల్లి పొద్దుటి నుంచీ కుస్‌కుస్ రవ్వను ఆవిరి మీద ఉడికించి, చేత్తో ఉప్పుడుపిండిలా పొడిపొడిగా విడదీసి, శనగలూ గుమ్మడికాయా ఉడికిన పులుసు పోసి, పెద్ద కొయ్య పాత్రలో తెచ్చి మధ్యన పెట్టింది. చుట్టూ కూర్చున్నవాళ్ళంతా అందులోనే చెంచాలు ముంచారు. మన తరంవారికి ఎంగిలి పట్టింపు గురించి వేరే చెప్పక్కర్లేదు కదా, నేను బిగుసుకుపోయాను. "ప్లీజ్ అండీ, ఇక్కడ ఎంగిలి గొడవ పెట్టకండి, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని మా ఆవిడ గొణుగుతూనే ఉంది. నేను విడిగా పళ్ళెం అడిగాను.

పళ్ళెం వచ్చింది. ఆ తల్లి అందులో నాకు వడ్డించి, తాను తినకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె వెనకాలే వెళ్ళొచ్చిన మిత్రుడు నెమ్మదిగా, "నీ కోసం మాంసం తగలని కొత్త గిన్నెలు తెప్పించింది. ఇంకా మేం మురికివాళ్ళమా అని అడుగుతోంది. ఏం చెప్పను?" అన్నాడు.

మర్నాడు ఆమె బజారుకు బయల్దేరితే సంచులు అందుకుని వెంట నడిచాను. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఆమె బేరమాడింది, నేను మోశాను. మధ్యాహ్నం నా ముందు పెట్టిన పళ్ళాన్ని పక్కకు తీసేసి పాత్ర దగ్గరికి జరిగాను. ఆమె కాసేపు చూసి, తాను తింటున్న చెంచాతోనే ఒక గుమ్మడి ముక్క నా వైపు నెట్టింది. తిన్నాను. "ఇంకోటి వస్తుంది, ఆగు!" అని మిత్రుడు పకపకా నవ్వాడు. వచ్చింది కూడా.

ఇప్పుడు ఎడిసన్‌లో మా ఇంటికి పిల్లలు భోజనానికొస్తే ఒకరికి గోధుమ పడదు, ఒకరు పాలు ముట్టరు, ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకుంటారు. పక్కవాడి వైపు ఓ ముక్క నెట్టే వీలే లేదు. ఆ తల్లి పోయి చాలా కాలమైంది. ఆమె ఇంట్లో మేమున్న మిగతా రోజులన్నీ నేను ఆమె పక్కనే కూర్చుని, ఆ పాత్రలోనే తిన్నాను.