ఫ్యూజుకు చుట్టిన వెండి కాగితం

ఈ మధ్య చాక్లెట్లకు వెండి కాగితం చుట్టడం మానేశారు. అంతా ప్లాస్టిక్కే. చింపబోతే చిరగదు, చిరిగాక దేనికీ పనికిరాదు. మనవరాలితో ఈ బాధ చెప్పుకుంటే, లోపల చాక్లెట్ ఉంది కదా అవ్వా అంటుంది. నిజమే. కానీ నా చిన్నప్పుడు లోపలి సరుకు పెద్దవాళ్ళది, పైకాగితం మాది. మా చిన్నాయన సిగరెట్లు తాగేవాడు. పెట్టెలోని వెండి కాగితాన్ని నేను గోటితో సాపు చేసి నోటుపుస్తకంలో దాచుకునేదాన్ని. ఆయన ఊపిరితిత్తుల వల్ల ఊరి మొత్తంలో లాభపడింది నేనొక్కదాన్నే.

మా ఊరు బత్తలపల్లెకు కొంచెం ఇవతల. చిన్నాయనకు ఒక పాత మోటారు సైకిలు ఉండేది. దానికి ముందు దీపం, వెనక దీపం తప్ప ఇంకేమీ లేవు. ఒకసారి అనంతపురం పోయి నాలుగు ఇండికేటర్లు కొనుక్కొచ్చాడు, నారింజ రంగువి. తారు రోడ్డు ఎక్కేదాకా మా దారిలో ఉన్న మలుపు ఒక్కటే. అక్కడ మా వెనక వచ్చేవి మేకలు.

"యాడికి తిరిగేది మేకలకు చెప్పల్లనా నువ్వు?" అంది మా అవ్వ.

"లారీవోడు వెనకనుంచి గుద్దితే తెలుస్తాదిలేమ్మా" అన్నాడు చిన్నాయన.

అంత ముందుచూపు ఉన్న మనిషి, బిగించే పని మాత్రం బండ్లు బాగుచేసే మేస్త్రికి ఇవ్వలేదు. తనే మొదలుపెట్టాడు. తీగ చాలకపోతే చెడిపోయిన రేడియోలోంచి పీకాడు. టేపు అయిపోతే మా నాయన కాలి పుండుకు తెచ్చిన ప్లాస్టరు చుట్టాడు. హ్యాండిలు దగ్గరి స్విచ్చు నుంచి తీగలన్నీ పెట్రోలు ట్యాంకు కిందుగా బ్యాటరీ దాకా లాగాడు. దీపాలు టిక్కుటిక్కుమని వెలిగాయి. హ్యాండిలు తిప్పగానే ఆరిపోయాయి. బ్యాటరీ పక్కన ఉండే గాజు ఫ్యూజులో వెంట్రుకంత తీగ తెగిపోయింది. ఎక్కడైనా తేడా వస్తే ముందు తెగి కరెంటు ఆపడం దాని పని. కొత్త ఫ్యూజు వేస్తే అదీ పోయింది. మూడోది కూడా పోయాక ఆయన నా నోటుపుస్తకం అడిగాడు.

ఉన్నవాటిలో మడత పడని కాగితం ఏరి ఇచ్చాను. ఫ్యూజుకు దాన్ని చుట్టి బిగించాడు. ఇక దీపాలు ఆరలేదు. నా కాగితం బండిని నడిపిస్తోందని ఆ పూటంతా గర్వంగా తిరిగాను.

మరుసటి పొద్దున నాకు బడి పుస్తకాలు కొనడానికి ధర్మవరం బయల్దేరాం. నా చోటు ట్యాంకు మీద, చిన్నాయన రెండు చేతుల మధ్య. బండి గుంతలో దిగినప్పుడల్లా నేను కేకపెట్టేదాన్ని. అందుకని ఆయన ముందే ఒప్పందం చేసుకున్నాడు.

"భయమని నోరు తెరిస్తివా, ఆడనే దించేస్తా. నడుచుకుంటా ఇంటికి పో."

మలుపు దగ్గర ఎడమ దీపం వేసి హ్యాండిలు బాగా తిప్పాడు. మేకలకు అర్థమైందో లేదో తెలియదు. కాసేపటికి కమురు వాసన మొదలైంది. రబ్బరు చెప్పు పొయ్యిలో పడితే వచ్చే వాసన. సిగరెట్లకు అలవాటైన చిన్నాయన ముక్కుకు అది తెలియలేదు. నా తొడల కింద ట్యాంకు వెచ్చగా ఉంది, ఎండకో మరి దేనికో. రెండు పక్కలా వాన లేక మాడిన శనగచేలు, మనిషి జాడ లేదు. కాలిపోతానేమోనని ఒక భయం, ఇక్కడ దించేస్తాడేమోనని ఒక భయం. రెండోదే పెద్దది. ఆ వయసులో లెక్కలు అలాగే ఉంటాయి. కింది పెదవిని పళ్ళతో పట్టుకుని, ఎదురొచ్చే మైలురాళ్ళను చూస్తూ కూర్చున్నాను. పెదవి ఉప్పగా తగిలింది.

అప్పుడు నా మోకాళ్ళ మధ్య నుంచి తెల్లటి పొగ లేచింది.

చిన్నాయన బండి ఆపి, నన్ను ఒంటిచేత్తో ఎత్తి చేను గట్టు మీదకు విసిరేశాడు. వట్టి చేతులతో బ్యాటరీ తీగలు లాగేశాడు. దోసిళ్ళతో మన్ను పోశాడు. మా సీమలో నీళ్ళకే కరువు, మన్నుకు కాదు. పొగ తగ్గాక సిగరెట్టు నోట్లో పెట్టుకున్నాడు గానీ అగ్గిపుల్ల గీయలేకపోయాడు. పుల్ల మీద పుల్ల విరిచాడు. పెద్దవాళ్ళకు కూడా భయం వేస్తుందని నాకు అప్పుడే తెలిసింది. దాంతో నా భయం రెట్టింపైంది.

బండిని తోసుకుంటూ బత్తలపల్లె చేరాం. అక్కడి మేస్త్రి ముసలాయన. చిన్నాయన చెప్పిందంతా విన్నాడు. ట్యాంకు విప్పి, కాలిన తీగ తీసేసి, ఇంకో తీగముక్కను చిన్నాయన లాగిన దారిలోనే లాగాడు. ఫ్యూజు ఉండే చోట ఒక చిన్న బల్బు కట్టి, నన్ను పిలిచి హ్యాండిలు తిప్పమన్నాడు. కుడికి తిప్పాను. ఏమీ కాలేదు. ఎడమకు చివరిదాకా తిప్పగానే బల్బు భగ్గుమని వెలిగింది. వదిలితే ఆరింది, తిప్పితే వెలిగింది. ఎడమకు తిరిగినప్పుడల్లా హ్యాండిలు మెడ దగ్గర ఇనుము తీగను కొరుకుతోంది, కరెంటంతా అక్కడే పారిపోతోంది.

"మూడు ఫ్యూజులు సచ్చి చెప్పినాయి ఈ సంగతి" అన్నాడు మేస్త్రి. తర్వాత నా పెదవి చూశాడు. "వాసన ఎప్పట్నుంచి వచ్చినాది పాపా?"

"మలుపు కాడ్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"దించేస్తానన్న్యాడు చిన్నాయన."

ఇన్నేళ్ళయినా కమురు వాసన వస్తే ముందు నోరు తెరుస్తాను. చాలాసార్లు అది పక్కింటివాళ్ళ తిరగమోత. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనిస్తాను. మనవరాలు భయమంటే మాత్రం ఊరుకోమనను, ఎక్కడ, ఎప్పట్నుంచి అని అడుగుతాను. అడిగిన ప్రతిసారీ ఆ మేస్త్రి కనిపిస్తాడు. ఆ రోజు ఆయన మసిచేతులు గుడ్డతో తుడుచుకుని, వెండి కాగితం చుట్టిన ఆ ఫ్యూజును చిన్నాయన అరచేతిలో పెట్టాడు.

"నీ బండికి రెండు ఫ్యూజులుండాయప్పా. ఒకటి ఇది. ఇంకోటి ట్యాంకు మీద కూర్చున్నాది. రెండిటికీ కాగితం చుట్టింది నువ్వే."