అడుగు బస్తా

కొత్త బియ్యం ఇంటికి రాగానే ఒక గింజ తీసి ముందు పళ్లతో కొరుకుతాను. టక్కున రెండు ముక్కలైతే బాగా ఎండినట్టు. మెత్తగా అణిగితే ఇంకా తేమ ఉన్నట్టు. సూర్యాపేటలో కాపురం పెట్టి ఇన్నేళ్లయినా, ఆ చిన్న చప్పుడు వినగానే మిర్యాలగూడ మిల్లు గేటూ, లారీ మీద నిలబడి వడ్ల గింజ కొరికే యాదగిరి మామా కళ్ల ముందుకొస్తారు.

మామ మాకు చుట్టం కాదు, మా పక్కింట్లో కిరాయికి ఉండేవాడు. మా నాయిన బాయిలర్ దగ్గర పనిచేసే మిల్లులోనే, వచ్చిన వడ్లను పరీక్షించడం ఆయన పని. ఇనుప గొట్టం బస్తాలోకి గుచ్చి, గింజలు లాగి, అరచేతిలో రుద్ది ఊది కొరికేవాడు. తేమ కొలిచే మిషన్ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు. చేతికందే బస్తాలను మాత్రం నమ్మేవాడు కాదు. పైవి జరిపించి, నడిమి నుంచి ఒకటి, అడుగు నుంచి ఒకటి తీయించేవాడు. నాయినకు సద్ది తీసుకెళ్లినప్పుడు ఒకసారి కోదాడ లారీ డ్రైవర్ విసుక్కోవడం విన్నాను.

“ఏంటి మావా, పెళ్లిచూపులా? పైనున్నవి చూస్తే చాలదా?”

“పెండ్లిసూపులల్ల గూడ పైపైన సూసి మోసపోయినోళ్లు మస్తు మంది ఉన్నరు. దించు.”

నేను ఇంటర్ పూర్తిచేసిన ఎండాకాలం హైదరాబాద్‌లోని ఒక పెద్ద విశ్వవిద్యాలయంలో డిగ్రీకి దరఖాస్తు పెట్టాలనుకున్నాను. సీట్లు తక్కువ. ఒక్క కోర్సే ఎంచుకోవాలి. గడువు నాలుగు రోజులే ఉంది. కాలేజీ కన్నా మా ఊరి గ్రంథాలయమే నన్ను చదివించిందని అప్పటికే గొప్పగా చెప్పుకునేదాన్ని. పత్రికల్లో సంపాదకీయాలన్నీ చదివే నాకు అర్థశాస్త్రమే తగినదనిపించింది. బ్యాంకు ఉద్యోగం వస్తుందని నాయిన కూడా మురిసిపోయాడు.

ఆ సాయంత్రం అరుగు మీద చాయ్ తాగుతూ మామ అడిగాడు. “అండ్ల ఏముంటది బిడ్డా?”

ధరలు, బడ్జెట్టు, బ్యాంకులు అంటూ గడగడా చెప్పాను.

“గది పై బస్తా. మూడో ఏడు ఏం సదివిస్తరు?”

“సిలబస్ కాగితం ఇంకా చూడలేదు మామా” అన్నాను.

“గన్ని బుక్కులు సదివినవ్, గా ఒక్క కాయితం సదవలేదా?”

నాకు రోషమొచ్చింది. అది చూసి ఆయన గొంతు తగ్గించాడు. “పనిల కొత్తల పై బస్తాలే సూసి ఒక లారీ లోపలికి పంపిన. అడుగున వడ్లన్నీ మొలకలొచ్చినయ్. ఎవ్వలు తిట్టలే. అయినా గది ఇంకా కుడ్తనే ఉంది.”

మర్నాడు నెట్ సెంటర్‌లో మూడేళ్ల సిలబస్ కాగితాలు తీయించుకుని గ్రంథాలయానికి వెళ్లాను. డిగ్రీ అర్థశాస్త్రం పుస్తకం మొదట్లో, మధ్యలో, చివర్లో పదేసి పేజీలు చదివాను. మొదలు తీయగా ఉంది. మధ్యలో ఆవలింతలొచ్చాయి. చివర్లో ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివాను. పోల్చి చూద్దామని చరిత్ర పుస్తకం తీశాను. పేరులేని రైతులు పెట్టుకున్న పాత అర్జీల నుంచి ఒక ఊరి కథను ఎలా రాబడతారో దాని చివరి అధ్యాయంలో ఉంది. అటెండర్ ఫ్యాన్లు ఆపి, “అమ్మా, తాళం ఎయ్యాలె” అనేదాకా తల ఎత్తలేదు.

“రాజుల పేర్లు బట్టీపట్టి ఏం జేస్తవ్?” అన్నాడు నాయిన, చరిత్ర తీసుకుంటానని చెప్పగానే.

అరుగు మీంచి మామ అందుకున్నాడు. “నీ బిడ్డ అడుగు బస్తా దాక సూసింది మల్లేశం. నువ్వు పై బస్తా గూడ సూడలే.”

నాయినకు నవ్వొచ్చింది. దరఖాస్తులో చరిత్ర అనే రాశాను. మొదటి జాబితాలో నా పేరు లేదు. ఆ వారం నాయిన నాతో సరిగ్గా మాట్లాడలేదు. రెండో జాబితాలో పేరు కనబడగానే మిల్లుకు పరుగెత్తాను. మామ మెచ్చుకోలేదు. “గేటు దాటినవ్. ఇగ మిల్లుల పడాలె” అన్నాడంతే. హాస్టల్లో ఇంగ్లీషు పాఠాలు అర్థంకాక ఏడ్చిన రోజుల్లో ఆ మాటే నన్ను నిలబెట్టింది. మూడో ఏడు వచ్చినా నాకు ఆవలింతలు రాలేదు.

ఇప్పుడు చరిత్ర పాఠాలు చెబుతున్నాను. ఏ కోర్సు తీసుకోవాలని పిల్లలు అడిగితే సిలబస్ చివరి పేజీ తీసి ముందు పెడతాను. మామ వాడపల్లి దగ్గర కూతురింట్లో ఉంటున్నాడు. మొన్న వెళ్తే, ఆరబోసిన వడ్ల కుప్ప నుంచి నాలుగు గింజలు తెచ్చి నా చేతిలో పోశాడు.

“నాకు పండ్లు లేకపాయె. నువ్వే కొరికి సెప్పు, బస్తాలకెత్తొచ్చునా?”

గింజ నోటిదాకా తీసుకెళ్లి ఆగాను. “పైనుంచి తెచ్చినవా మామా, అడుగునుంచా?”

బోసినోటితో ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత కర్ర ఊతంగా వంగి, కుప్ప అడుగుకు చేయి పెట్టాడు.