కారు షెడ్డు పాటల మామ

పొద్దున్నే కొట్టు తలుపు తీస్తుండగా అత్త ఫోన్ చేసింది. "మీ మామ పోయినాడప్పా. కాఫీ తాగినాడు, కుర్చీలో అట్లనే ఒరిగిపోయినాడు. నువ్వు బిన్నే రా. ఆయన్ని పండబెట్టేదానికి హాల్లో చోటు లేదు" అంది.

చోటు లేదన్నది నిజమే. హోసూరులో మా మామ ఇల్లు చిన్నదేం కాదు. కానీ హాలు నిండా గ్రామఫోన్ రికార్డులే. వాకిలి నుంచి వంటింటి దాకా ఒక మనిషి పక్కకు తిరిగి నడిచేంత దారి మాత్రం మిగిలి ఉండేది. నేను చేరేసరికి చుట్టుపక్కల వాళ్లు వాటిని చేతికందినట్టు తీసి, గోడవారన ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. ఏడుస్తూ ఏడుస్తూనే అరిచాను. "పండబెట్టొద్దండప్పా, నిలబెట్టండి! బరువుకి వంగిపోతాయి!" పక్కింటాయన నా వంక అదోలా చూశాడు. చిన్నప్పటి నుంచి మామ నా చెవిలో పోరిన మాట అది. ఆయన ఇంకా చల్లబడకముందే ఆయన చాదస్తం నా నోట్లోంచి ఊడిపడింది. ఆఖరికి రికార్డులను నిలబెట్టి, మామను పడుకోబెట్టి, వచ్చినవాళ్లకు దారి చేశాం.

ఆయన మా అమ్మకు తమ్ముడు. బజారు వీధిలో మేకులు, బోల్టులు, రంగు డబ్బాలు అమ్మే కొట్టు ఆయనదే. కొన్నాళ్లుగా దాన్ని నేను చూసుకుంటున్నాను. ఇప్పుడు కొట్టుతో పాటు ఆ రికార్డులను ఏం చేయాలన్నది కూడా నా నెత్తిన పడింది.

మామ పిచ్చి ఏమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. వయసులో ఉండగా చదువు కోసం ఆయన బెంగళూరులో గది తీసుకున్నాడు. పక్కింటి కారు షెడ్డులో నలుగురు కుర్రాళ్లు సాయంకాలాలు గిటార్లు, డ్రమ్ములు పెట్టుకుని వాయించేవాళ్లట. పాపం కారు బయట ఎండలో ఉండేది. ఆ నలుగురిలో ఎవరికీ సరిగ్గా రాదు. శ్రుతి ఒక దారి, తాళం ఒక దారి. దాన్ని గరాజ్ రాక్ అంటారని, అలా షెడ్లలో పుట్టిన మోటు సంగీతం దేశదేశాల్లో ఉందని మామకు తర్వాత తెలిసింది. ఆ నలుగురూ ఒకే ఒక్క చిన్న రికార్డు వేయించుకుని, తలా ఒక ఉద్యోగంలో పడి చెదిరిపోయారు. ఆ రికార్డు కోసం మొదలుపెట్టిన వెతుకులాట అలాంటి ప్రతి రికార్డుకూ పాకింది. పేరున్నవాళ్ల పాటలు ఆయనకు అక్కర్లేదు. ఒక్క పాట పాడి మాయమైపోయినవాళ్లే కావాలి.

"బాగా వచ్చినోడు బాగా వాయిస్తే దాంట్లో ఏముందప్పా? రానోడు వాయిస్తాడు చూడు, వాడికి ఎంత గుండె ఉండల్ల!" అనేవాడు. కొట్టులో నేను ఏదైనా తప్పు చేస్తే మాత్రం ఈ సూత్రం నాకు వర్తించేది కాదు.

కొట్టులో కూడా ఒక ప్లేయర్ పెట్టాడు. మేకుల కోసం వచ్చిన మేస్త్రీ ఆ మోత విని, లోపల మిషన్ ఏమైనా చెడిపోయిందా అని తమిళంలో అడిగేవాడు. మామ నొచ్చుకునేవాడు కాదు. కూర్చుని వినమని స్టూలు చూపించేవాడు. మేస్త్రీ ఎదురు కొట్టుకు వెళ్లిపోయేవాడు.

నా చెల్లెలి పెళ్లి కృష్ణగిరిలో జరిగింది. పెళ్లికూతురిని గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసుకు రావలసినవాడు మేనమామ. ముహూర్తం దగ్గరపడింది, పెళ్లికూతురు గంపలో కూర్చుంది, మేనమామ లేడు. అమ్మ ఏడవడం ఒక్కటే తక్కువ. ఎక్కడుంటాడో నాకు తెలుసు కాబట్టి కల్యాణ మండపం వెనక వీధిలో ఉన్న పాత ఇనుప సామాన్ల కొట్టుకు పరుగెత్తాను. పట్టుపంచె ఎగగట్టుకుని, పాత ఫ్యాన్ల కుప్పలో చేతులు పెట్టి కెలుకుతున్నాడు. "ఒగ నిమిషమప్పా, అడుగున రికార్డు కవర్లు కనపడతాండాయి" అన్నాడు. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. గంప మోశాడు, సమయానికే మోశాడు. కానీ పెళ్లి ఫోటోల్లో నా చెల్లెలి చీర మీద తుప్పు మరకలు ఈనాటికీ కనిపిస్తాయి. ఆ అడుగున ఉన్న కవర్లలో ఏముందో తెలుసా? ఏమీ లేదు, ఖాళీవి.

అత్తకు ఆ పాటలంటే పడేది కాదు. అయినా ఒక ఆయుధపూజ నాడు, కొట్టులో త్రాసుకూ రంపాలకూ బొట్లు పెట్టి ఇంటికి వచ్చి, మొగుడు అంత భక్తిగా చూసుకునే వస్తువులను వదిలేస్తే ఎలా అనుకుంది. కవర్లు తీసి, అందినన్ని రికార్డులకు గంధం, కుంకుమ పెట్టింది. మధ్యలో ఉండే కాగితం మీద పెడితే పేర్లు కనపడవని, జాగ్రత్తగా పాట ఉండే గీతల మీదే పెట్టింది. సాయంకాలం మామ ప్లేయర్ ముల్లు వేస్తే, బొట్టు దగ్గరికి వచ్చినప్పుడల్లా టక్కుమని ఎగిరింది. "దేవుడికి పెట్టినట్ల పెట్టినానప్పా, తప్పా?" అని అత్త నన్ను అడిగింది. మామ ఆ వారమంతా మెత్తటి గుడ్డ, నీళ్లు ముందు పెట్టుకుని గీత గీతా తుడుస్తూ కూర్చున్నాడు. అత్తను పల్లెత్తు మాట అనలేదు. కొట్టు మాత్రం మొత్తంగా నామీద పడేశాడు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది ఆయన పెట్టుకున్న నియమం. ఎవరింట్లోనైనా పాత రికార్డు ఉందంటే ఎవరైనా ఏం చేస్తారు? పోయి, బేరమాడి తెచ్చుకుంటారు. మామ చేతిలో మోసుకుపోయే చిన్న ప్లేయర్‌ను గోనెసంచిలో పెట్టుకుని వెళ్లి, ముందు ఆ ఇంటివాళ్లకే ఆ రికార్డు వినిపించేవాడు. ఎవరైనా పొలంలో ఉంటే వాళ్లు వచ్చేదాకా ఆగాలి. అందరూ విన్నాకే, ఇస్తారా అని అడగాలి. "వాళ్లింటి పాట వాళ్లకి ఒగసారి వినిపీకుండా ఎత్తుకొస్తే దొంగతనమే గదప్పా" అనేవాడు.

ఏమవుతుందో మీరే ఊహించుకోండి. అటక మీద దుమ్ము కొట్టుకుపోయిన వస్తువు, అడిగితే ఊరికే ఇచ్చేస్తారు. విన్నాక ఇవ్వరు. అత్తిముగంలో టమాటాలు పెట్టెలకు సర్దుకుంటున్న అన్నదమ్ములిద్దరు, "ఎత్తుకుపోప్పా, ఇల్లు క్లీనయితాది" అన్నవాళ్లే, పాట అయ్యేసరికి నాకంటే నాకని తగవుకు దిగారు. మామ వాళ్లకు రాజీ కుదిర్చి, కాఫీ తాగి, ఖాళీ చేతులతో లేచాడు. బైకు నడిపేది నేను. వెనక సంచిని కౌగిలించుకుని ఆయన. గుంత వస్తే చాలు, "మెల్లగప్పా, ముల్లు పోతాది" అని అరిచేవాడు. నా నడుము సంగతి ఏనాడూ అడగలేదు.

కెలమంగలం సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. ఆ కారు షెడ్డు నలుగురిలో పాటగాడు కెలమంగలం పక్కన సొంత పల్లెకు తిరిగొచ్చి, పట్టుపురుగులు పెంచుకుంటూ బతికి, కాలం చేశాడని పోయినేడు మా కొట్టుకు వచ్చిన పట్టుగూళ్ల వ్యాపారి చెప్పాడు. రికార్డు ఇంకా ఆ ఇంట్లోనే ఉందట. వెళ్లేరోజు మామ కొత్త చొక్కా వేసుకున్నాడు.

ఆ పాటగాడి భార్య మమ్మల్ని వాకిట్లోనే ఆపేసింది. "పురుగులు జ్వరంలో ఉండాయప్పా. ఈడ గలాటా చేయగూడదు" అంది. పురుగులు పొర విడిచేముందు మేత మాని కదలకుండా ఉంటాయి. దాన్ని వాళ్లు జ్వరం అంటారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "మామా, ఇంగ వినిపించే పనిలేదు. అడిగి ఎత్తుకోని పోదాం" అని గొణిగాను.

"గమ్మునుండప్పా" అన్నాడు.

మల్బరీ ఆకు పోసుకునే కొట్టం ఇంటికి దూరంగా ఉంది. అక్కడికి ఆమెను నడిపించుకుపోయి, గంప బోర్లించి, దానిమీద ప్లేయర్ పెట్టాడు. ఆమె ఇంట్లోంచి తెచ్చిన రికార్డును అంచులతో పట్టుకుని వెలుతురుకు తిప్పాడు. పేరు చదివి, నావైపు చూడకుండా "ఇదేనప్పా" అన్నాడు. పాట మొదలైంది. గిటార్ రేకు గీకినట్టుంది. పాడేవాడు సగం దారిలో శ్రుతి వదిలేసి ఎటో వెళ్లిపోయాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వసాగింది. "ఇదే గొంతప్పా ఆయనది! ఆవుల్ని పిలిచేటప్పుడు గూడా ఇట్లనే అరుస్తా ఉండె" అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. పాట అయిపోయాక రికార్డు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"దీన్ని నేనియ్యనప్పా. ఏమీ అనుకోవద్దు."

"ఇయ్యొద్దమ్మా" అన్నాడు మామ. "ఎట్ల ఇస్తావు?"

అంతటితో ఆగితే ఆయన మామ ఎందుకవుతాడు? ఆమెకు వినడానికి ఏమీ లేదని ప్లేయర్ కూడా అక్కడే ఇచ్చేశాడు. ముల్లు ఎలా వేయాలో, అంచు ఎలా పట్టుకోవాలో నేర్పించి మరీ బయలుదేరాడు. కెలమంగలం బస్టాండు దగ్గర టీ తాగుతూ నేను ఆయన్ని కడిగేశాను. జన్మంతా వెతికింది చేతిలోకి వచ్చాక వదిలేసి రావడం మంచితనం కాదు, తిక్క అన్నాను. కనీసం ఆ పాటను ఫోన్లోనైనా ఎక్కించుకుని ఉండాల్సింది అన్నాను. ఆయన బోండా తుంచుకుంటూ, "విన్నాను గదప్పా. ఆయమ్మ పక్కన కూచోని విన్నాను. ఇంగేం గావల్ల?" అన్నాడు. దాంతో ఇంకా కోపం వచ్చింది.

ఆ కోపాన్ని ఇప్పుడు ఎవరిమీద చూపించాలో తెలియడం లేదు. ఆయన వల్లే ఈ చుట్టుపట్ల పల్లెల్లో నాకు తెలియని గడప లేదు. ఉద్దనపల్లిలో ఎవరి తాత ఏం వాయించేవాడో చెప్పగలను. ఒకరింటికి వెళ్లి, తొందరపడకుండా కూర్చుని, వాళ్లు చెప్పేది వినడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన మీద విసుక్కోని రోజు ఒక్కటీ లేదు. విసుక్కోవడానికి ఆయన లేని ఈ రోజులు నాకేమీ బాగాలేవు.

కర్మలయ్యాక అత్త, కృష్ణగిరిలో కూతురి దగ్గరికి వెళ్లిపోతానంది. ఈ ఇంట్లో ఒక్కతే ఉండలేనంది, ఈ రికార్డుల మధ్య అసలే ఉండలేనంది. కూతురిది చిన్న ఇల్లు, వీటికి అక్కడ చోటు లేదు. నేను బెంగళూరు నుంచి ఒక పాత రికార్డుల వ్యాపారిని పిలిపించాను. మర్యాదస్తుడు. అన్నీ తీసుకుంటానని ఆదివారం వ్యాన్ తెచ్చాడు. మేకుల అట్టపెట్టెల్లో అన్నిటినీ నిలబెట్టి సర్దాం. మొదటి పెట్టె గుమ్మం దాటబోతుండగా, పితికిపప్పు కూర కోసం నానబెట్టిన అనప గింజలను తొక్క ఊడేలా ఒక్కొక్కటే పితుకుతున్న అత్త తలెత్తింది.

"ఏమప్పా, వినిపీకుండానే ఎత్తుకుపోతాండాడే?"

"ఏంటత్తా?"

"మీ మామ ఊరోళ్లకంతా వినిపించి గదా అడుగుతా ఉండె. ఇది మనిల్లు. మనకి వినిపీయొద్దా?"

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. "ఇన్నేండ్లు విన్నావు గదత్తా!" అన్నాను.

"యాడ విన్నాను? ఆయన పాట పెడితే నేను వంటింటి తలుపు వేసుకుంటా ఉంటి" అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతిలో గింజను మాత్రం పితకకుండా పట్టుకుని ఉండిపోయింది.

వ్యాపారికి కన్నడంలో సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన పెట్టె దించి, ఒక రికార్డు తీసి, హాల్లో ఉన్న మామ పెద్ద ప్లేయర్ మీద పెట్టాడు. ఒక పక్క అయ్యింది. రెండో పక్క కూడా వేయమంది అత్త. అదీ అయ్యింది.

"బాగుందా అత్తా?"

"ఏం బాగు? డబ్బాలు దొర్లించినట్లుండాది."

"సరే, పంపించేదా మరి?"

"అన్నీ వినాల గదప్పా. ఇంగోటి పెట్టమను."

అన్నీ అట! మామ ఒక జీవితమంతా పోగేసినవి ఎప్పటికి విని తేలుస్తుంది? వ్యాపారి కాసేపు కూర్చుని, నాలుగు రికార్డులు విని, అమ్మగారు అన్నీ విన్నాకే కబురు చేయమని ఖాళీ వ్యాన్‌తో వెళ్లిపోయాడు. కృష్ణగిరిలో కూతురు గది సర్దిపెట్టుకుని రోజూ నాకే ఫోన్ చేసి అడుగుతోంది. నేనేం చెప్పను? కొట్టు మూయగానే అత్త ఇంటికి పోయి ముల్లు వేయడం నా పని అయిపోయింది.

నిన్న పెట్టింది ఏదో ఊరూ పేరూ లేని జట్టుది. డ్రమ్ము వాయించేవాడికి ఓపిక తక్కువ, అందరికంటే ముందు ఉరుకుతున్నాడు. "అబ్బ, ఈ గలాటా ఎట్ల వింటా ఉండెనో ఆయన" అని అత్త మూతి తిప్పింది. ఆమె చూపు వీధి వైపు ఉంది. ఒళ్లో గిన్నె, వేళ్ల మధ్య అనప గింజలు. డ్రమ్ము దెబ్బ పడినప్పుడల్లా ఒక గింజ తొక్క విడిచి గిన్నెలోకి దూకుతోంది. పాట ఇంకా వేగం అందుకుంది, ఆమె వేళ్లు కూడా అందుకున్నాయి.